డబ్బులిచ్చి మరీ తప్పులు చెప్పించుకోవాలా?

గత రెండు నెలల్లో మన ఖైతాన్ గ్రూపులో ముగ్గురు ఇదే మాట అడిగారు. ఒకరు ఆసుపత్రిలో పనిచేసే సిస్టర్, ఇద్దరు ఇంటిపట్టున ఉండేవాళ్ళు. "అక్కా, నేనొక సినిమా కథ రాశాను. ఊరికే కథ కాదు, సీన్లు, డైలాగులతో సహా మొత్తం స్క్రీన్‌ప్లే. డబ్బులిస్తే చదివి బాగోగులు చెప్పేవాళ్ళు ఉంటారంట కదా? నిజమేనా, మోసమా?"

నిజమే, అలాంటి పని ఒకటి ఉంది. మోసాలూ ఉన్నాయి. రెండింటి సంగతీ చెప్తాను.

మనవాళ్ళు ఇంతమంది రాస్తున్నారా అని ఆశ్చర్యపోకండి. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపట్టని పొద్దున, పిల్లలు స్కూలు బస్సెక్కాక నిశ్శబ్దంగా ఉండే ఫ్లాట్‌లో, ఫోన్‌లోనే టైప్ చేసి దాచుకున్న కథలు చాలానే ఉన్నాయి. గల్ఫ్ బతుకుల మీద తెలుగులో 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి గారి 'గల్ఫ్' వచ్చింది. మలయాళం వాళ్ళు ఇరాక్‌లో చిక్కుకున్న నర్సుల మీద అదే ఏడాది 'టేకాఫ్' తీశారు, బెన్యామిన్ నవలని 2024లో 'ఆడుజీవితం'గా తీశారు. కడప, రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడి ఇళ్ళల్లో పనిచేస్తున్న ఆడవాళ్ళ కథ వాళ్ళే రాసుకుంటే బాగుండునని నా ఆశ. కాబట్టి రాసేవాళ్ళని వెనక్కి లాగే ఉద్దేశం నాకు లేదు.

కానీ రాశాక ఎవరికి చూపిస్తున్నాం? ఆయనకి చూపిస్తే "బాగుందిలే, ముందు టీ పెట్టు" అంటారు. చెల్లెలికి పంపిస్తే నాలుగు ఎర్ర గుండెలు పంపిస్తుంది. ఫ్రెండ్‌కి ఇస్తే "ఏడుపొచ్చింది వదినా" అంటుంది. అందరూ ప్రేమగల వాళ్ళే, వాళ్ళని తప్పు పట్టడం లేదు. కాకపోతే వాళ్ళు చదివేది కాగితాన్ని కాదు, మనల్ని. మనం కష్టపడ్డామని తెలుసు కాబట్టి మెచ్చుకుంటారు. మనమెవరో తెలియని మనిషి నలభయ్యో పేజీ దగ్గర ఆవులిస్తే ఆ ఆవలింత మనకి తెలియాలి. డబ్బులిచ్చేది దానికే.

మన తెలుగు సినిమాలో ఇదేం కొత్త పని కాదు, పేరే వేరు. కథా చర్చలు అనేవాళ్ళు, ఇప్పుడు సిట్టింగ్స్ అంటున్నారు. దర్శకుడు, రచయిత, నిర్మాత, వాళ్ళు నమ్మే ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒక గదిలో కూర్చుని సీను సీనుకీ "ఇక్కడ జనం ఎందుకు కూర్చుంటారు?" అని అడుగుతూ పోతారు. సత్యానంద్ గారి లాంటి సీనియర్ రచయితలకి కథ వినిపించి లోటుపాట్లు చెప్పించుకోవడం ఇండస్ట్రీలో మామూలే. పరుచూరి గోపాలకృష్ణ గారు 'పరుచూరి పలుకులు' అని యూట్యూబ్‌లో విడుదలైన సినిమాలనే తీసుకుని, ఏ సీను ఎక్కడ ఉంటే బాగుండేదో విప్పి చెప్తుంటారు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ వీడియోలు ఓ పది చూడండి. కూరగాయలు తరుగుతూ వినొచ్చు.

అయితే ఒక చిక్కుంది. మన దగ్గర కథ చదివే అలవాటు తక్కువ, వినే అలవాటు ఎక్కువ. నెరేషన్ అంటారు. హైదరాబాద్‌లో ఉన్న కుర్రాడు ఆఫీసుల చుట్టూ తిరిగి, చేతులూపుతూ కథ చెప్పి ఒప్పించగలడు. ఖైతాన్‌లో ఉండి, రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు దొరికితే ఊరికెళ్ళే మనం ఆ పని చేయలేం. మన తరఫున మాట్లాడేది కాగితమే. అందుకే ఆ కాగితాన్ని ముందే ఒకరితో గట్టిగా చదివించుకోవడం మనకే ఎక్కువ అవసరం అంటాను నేను.

ఇంకో సంగతి. మన తెలుగు ఆడవాళ్ళ బలం నవల. కోడూరి కౌసల్యాదేవి గారి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. యద్దనపూడి గారి 'మీనా'ని 1973లో విజయనిర్మల గారే దర్శకత్వం చేసి తీశారు. ఆ నవలలు చదువుతూ పెరిగిన వాళ్ళం, కథ అనగానే మనకి మనసులోని మాట రాయడమే వస్తుంది. స్క్రీన్‌ప్లేలో ఆ మాటకి చోటు లేదు. కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి. డబ్బు తీసుకుని చదివేవాళ్ళు మన స్క్రిప్టుల్లో మొదట పట్టుకునేది దీన్నే.

హాలీవుడ్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. స్టూడియోలకి వచ్చే స్క్రిప్టులని చదవడానికి రీడర్లని పెట్టుకుంటారు. రీడరు రాసే రిపోర్టుని కవరేజ్ అంటారు. కథ ఒకటి రెండు వాక్యాల్లో, తర్వాత కథాసంగ్రహం, ఆ తర్వాత అభిప్రాయం, చివర్న ఒక్క మాట: పాస్, కన్సిడర్, రికమెండ్. మనకి పాస్ అంటే గట్టెక్కినట్టు, వాళ్ళకి పాస్ అంటే వద్దని. ఇది తెలియక సంబరపడిపోకండి. ఇదే పనిని బయటి రచయితలకి డబ్బులకి చేసిపెట్టేవాళ్ళు తర్వాత పుట్టుకొచ్చారు. 2005లో మంచి స్క్రిప్టుల జాబితాగా మొదలైన బ్లాక్ లిస్ట్ 2012 నుంచి వెబ్‌సైట్ పెట్టి, రుసుము తీసుకుని చదివిస్తోంది. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి అది పనికొస్తుంది. తెలుగు స్క్రిప్టుకి తెలుగు చదివే మనిషే కావాలి. సినిమాలకి పనిచేసిన రచయితలు, అసోసియేట్ డైరెక్టర్లలో కొందరు సినిమాకీ సినిమాకీ మధ్య ఈ పని చేస్తుంటారు.

మా బిల్డింగ్‌లో ఉండే ఒక సిస్టర్ పోయినేడు ఈ పని చేసింది. పేరు వద్దంది, ఆసుపత్రి పేరూ వద్దంది. ఆవిడ అనుభవం ఆవిడ ఒప్పుకున్నంత వరకు చెప్తాను.

కథ ఏమిటంటే, రాజంపేట వైపు పల్లె నుంచి ఒకావిడ వీసా ఇరవై మీద, అంటే ఇంటిపని వీసా మీద, కద్దామాగా కువైట్ వస్తుంది. భర్త లేడు, కూతురు అమ్మమ్మ దగ్గర. ఇక్కడ ఆవిడ పడే పాట్లు, చివరికి ఇంటికి చేరడం. మొత్తం 140 పేజీలు. సుమారుగా పేజీకి నిమిషం లెక్కేసుకుంటారు కాబట్టి రెండుంపావు గంటల పైన సినిమా. సిస్టర్‌కి ఈ కథ ఊహించి రాసింది కాదు. వార్డులో పరిచయమైన ఒకావిడ జీవితం. అందుకే ఆ కథంటే సిస్టర్‌కి ప్రాణం.

హైదరాబాద్‌లో సినిమాలకి పనిచేసిన ఒక రచయితకి పంపింది. నలభై దీనార్లు తీసుకున్నాడు. ఇక్కడ ఇంటిపని వాళ్ళకి ప్రభుత్వం 2016లో పెట్టిన కనీస జీతం నెలకి 60 దీనార్లు. తను ఎవరి కథ రాసిందో ఆవిడ ఇరవై రోజుల కూలీ అన్నమాట. ఈ లెక్క సిస్టరే వేసుకుంది, నేను కాదు.

మూడు వారాలకి ఏడు పేజీల రిపోర్టు వచ్చింది. మొదటి మాటే, "కథ 31వ పేజీలో మొదలైంది. అంతకుముందున్నది మీ జ్ఞాపకం." ఊరు, తిరునాళ్ళు, పెళ్ళి, భర్త పోవడం, ఏజెంటు, అప్పు, ఇవన్నీ దాటాక గానీ ఆవిడ విమానం ఎక్కదు. రెండో మాట, 12వ పేజీలో "ఆమె గుండె బరువెక్కింది" అని ఉన్నచోట గీత గీసి, "కెమెరాకి గుండె కనపడదు. ఆమె అప్పుడు చేతుల్తో ఏం చేస్తోంది?" అని రాశాడు. ఇలాంటివి 26 చోట్ల దొరికాయట. ఇవన్నీ సిస్టర్ సరేనంది.

మూడోది మాత్రం మింగుడు పడలేదు. "మీ హీరోయిన్‌కి అన్నీ జరుగుతున్నాయి. ఆమె ఏదీ చేయడం లేదు. అసలు ఆమెకి ఏం కావాలి?"

రెండు రోజులు ఆ ఫైలు మళ్ళీ తెరవలేదు సిస్టర్. నా దగ్గరికొచ్చి మండిపడింది. "ఏం కావాలంటాడేంటక్కా? అప్పు తీరాలి, డబ్బు పంపాలి. కద్దామాకి అంతకంటే ఏం కావాలి? ఏసీ గదిలో కూర్చున్నోడికి ఏం తెలుసు?" కోపం న్యాయమే. కష్టపడినవాళ్ళ కష్టాన్ని ఎవరో వచ్చి సరిపోలేదన్నట్టు ఉంటుంది ఆ మాట. కానీ ఆయన అడిగింది వార్డులోని మనిషి గురించి కాదు, కాగితం మీది మనిషి గురించి. అప్పు తీరడం అనేది తెర మీద ఎలా కనబడుతుంది? ఎక్స్‌చేంజ్ ముందు క్యూలో నిలబడితే కనబడుతుంది, అది ఒక్క షాటు. రెండు గంటల సినిమాకి సరిపోదు.

నేను అడిగాను, "ఆవిడ నీతో ఎక్కువగా ఏం మాట్లాడేది?" అని. సిస్టర్ కాసేపు ఆలోచించి చెప్పింది. కూతురు బడి నుంచి వచ్చేది సాయంత్రం నాలుగున్నరకి. మన టైముకి అప్పుడు మధ్యాహ్నం రెండు. కువైటీ ఇంట్లో మధ్యాహ్నం భోజనాల హడావిడి సరిగ్గా అప్పుడే. పిల్ల బడి నుంచి వచ్చి సంచి పడేసి "అమ్మా" అనే ఆ పది నిమిషాలు ఫోన్‌లో ఉండాలని ఆవిడ తాపత్రయం. రాత్రి చేసుకోవచ్చు కదా అంటే, అప్పటికి పిల్ల నిద్రపోయేది. ఆ పది నిమిషాల కోసం ఆ ఇంట్లో ఆవిడ పడిన తిప్పలు, చెప్పిన అబద్ధాలు, పెట్టుకున్న పొత్తులు సిస్టర్ కథగా చెప్తుంటే నేను స్టవ్ ఆపేసి విన్నాను. ఇవేవీ 140 పేజీల్లో లేవు. చిన్న విషయం అని వదిలేసిందట.

రెండో డ్రాఫ్టుకి అదే వెన్నెముక అయింది. రోజూ రెండు గంటలకి ఏం జరుగుతుంది అనేదాని చుట్టూ సీన్లు అల్లుకుంది. ఇప్పుడు ఆమెకి ఏం కావాలో మొదటి సీనులోనే తెలుస్తుంది, ఆ ఇంటి గోడ గడియారం చూసినప్పుడల్లా మనకి గుబులు పుడుతుంది. ఆ రచయిత ఈ సంగతి చెప్పలేదు, ఆయనకి తెలిసే అవకాశమే లేదు. ప్రశ్న అడిగాడంతే. మంచి రీడరు చేసేది అదే. "ఇక్కడ ఒక పాట పెట్టండి, ఇక్కడ విలన్ని పెట్టండి" అని ఆయనే కథ మార్చేసేవాడైతే అది వేరే పని. స్క్రిప్ట్ డాక్టర్ అంటారు, ఫీజూ వేరే ఉంటుంది.

ఆ రిపోర్టులో పొరపాట్లు లేవా అంటే, ఉన్నాయి. మనలాంటి వాళ్ళకి అసలు ఇబ్బంది అక్కడే. ఆయన దృష్టిలో కువైట్ అంటే ఎడారి. "ఖైతాన్ సీన్లలో ఇసుక తిన్నెలు, ఒంటెలు వాడుకుంటే దృశ్యం బాగుంటుంది" అని రాశాడు. ఖైతాన్‌లో ఒంటె ఎక్కడ దొరుకుతుంది తల్లీ! ఇక్కడుండేవి దుమ్ము పట్టిన బిల్డింగులు, కింద బకాలా, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు, ఎయిర్‌పోర్టు దగ్గర కాబట్టి నెత్తిమీద నుంచి పోయే విమానాలు. ఆ సలహాని సిస్టర్ పక్కన పడేసింది. ఆ విమానాల చప్పుడుని మాత్రం కథలో పెట్టుకుంది.

ఇంకోటి ఇంత తేలిక కాదు. "2015లో అక్కడ ఇంటిపని వాళ్ళ కోసం చట్టం వచ్చిందని చదివాను. రోజుకి పన్నెండు గంటలకి మించి పని వద్దు, వారానికి ఒక సెలవు, ఏడాదికి నెల సెలవు అని ఉంది. మరి ఆమె ఎందుకు బయటికి రాలేకపోతోంది? నమ్మేలా లేదు" అన్నాడు. చట్టం ఉన్న మాట నిజమే, 68వ నంబరు చట్టం. ఆ చట్టానికీ ఇంటి వంటగదికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మనకి తెలుసు. కఫీల్ ఒప్పుకోకుండా ఇల్లు దాటితే పరారీ కేసు పెట్టొచ్చని, అప్పుడు అకామా సంగతేమవుతుందో అని ఎంత భయం ఉంటుందో మనకి తెలుసు. చదివిన ఆయనకి తెలియదు. అలాగని "నీకేం తెలుసు" అని ఆ నోటుని కొట్టేస్తే నష్టం మనకే. హైదరాబాద్‌లో ఆయనకి అర్థం కానిది అనంతపురం థియేటర్లో కూర్చున్నవాళ్ళకీ అర్థం కాదు. సిస్టర్ ఏం చేసిందంటే, మందూబ్ పాత్రతో రెండే రెండు డైలాగుల్లో ఆ భయాన్ని చెప్పించింది. ఆయన చెప్పిన కారణం తప్పు, వేలు పెట్టిన చోటు మాత్రం ఒప్పు.

అందుకే రిపోర్టు రాగానే జవాబు రాయొద్దు. ఒక వారం పక్కన పెట్టండి. తర్వాత ప్రతి నోటునీ ఒకటే అడగండి: ఇది ఆయనకి మన ఊరు తెలియక అన్నదా, మన పేజీ చెప్పలేక అన్నదా? మొదటిదైతే ఎడారి ఒంటె, వదిలేయొచ్చు. రెండోదైతే కూర్చుని రాయాల్సిందే. ఫీజులో ఒక ఫోన్ కాల్ కూడా మాట్లాడుకోండి. రిపోర్టుకంటే ఆ గంటలోనే ఎక్కువ తేలుతుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: పంపితే కథ కొట్టేస్తే?

భయపడాల్సిందే, కానీ దేనికి భయపడాలో తెలుసుకుని భయపడాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే రచన మీద హక్కు మీది. రిజిస్ట్రేషన్ సాక్ష్యం కోసం. ఢిల్లీలోని కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనగా నమోదుకి రుసుము 500 రూపాయలు, అప్లికేషన్ పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ సభ్యులకి ఆన్‌లైన్‌లోనే స్క్రిప్టు నమోదు చేస్తుంది. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలోనూ కథలు నమోదు చేసుకునే పద్ధతి ఉంది.

కానీ చట్టం కాపాడేది రాసిన తీరుని, ఊహని కాదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్నే 'న్యూ ఢిల్లీ' సినిమాగా తీశారని కేసు వేస్తే, 1978లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఊహకి, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదని అందులో తేల్చేసింది. మన దగ్గర 'శ్రీమంతుడు' కథ మీద ఒక రచయిత వేసిన కేసు కూడా 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కాబట్టి "ఒక కద్దామా కథ" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే దానికి రక్షణ ఏమీ లేదు. సీన్లతో, డైలాగులతో పూర్తిగా రాసి, తేదీతో నమోదు చేసి, మెయిల్‌లో పీడీఎఫ్‌గా పంపితే మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపకండి. కథ బయటపెట్టనని, హక్కులు తనవి కావని రీడరు చేత మెయిల్‌లో ఒక మాట రాయించుకోండి. రాయనంటే ఆ మనిషి వద్దు.

నిజమైన ఇంటి కథ రాసేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. పేర్లు, ఏరియా, కువైటీ కుటుంబం ఆనవాళ్ళు అన్నీ మార్చాకే ఎవరికైనా పంపండి. మన మీదకి రావడం ఒకటి, ఆ ఇంట్లో ఇంకా పనిచేస్తున్న మనిషి మీదకి రావడం ఇంకోటి.

మోసాల సంగతి. చదివి అభిప్రాయం చెప్పేవాడు చదవడానికే డబ్బులు తీసుకుంటాడు. "కథ అదిరింది మేడమ్, హీరోకి వినిపిస్తా, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అంటే అది చదవడం కాదు. మన గ్రూపులోనే ఒకావిడని మూడొందల దీనార్లు పంపితే సహ నిర్మాతగా పేరు వేస్తామన్నారు. ఆవిడ తెలివైంది, స్క్రిప్టులో ఇంటర్వెల్ ఎక్కడ పడిందో చెప్పమంది. అంతే, ఫోన్ కట్. విదేశాల్లో ఉండే ఆడవాళ్ళు సినిమాల్లో డబ్బు పెట్టకూడదని నేను అనను. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించిన ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో డాక్టరు. అది ఆవిడ కళ్ళు తెరిచి దిగిన వ్యాపారం. మనం మాట్లాడుతున్నది వేరు, స్క్రిప్టు బాగుపడటం.

మనిషిని ఎంచుకునేటప్పుడు ఆయన పేరు నిజంగా టైటిల్స్‌లో పడిందా చూడండి, సినిమా పెట్టి ఆపి చూస్తే తెలుస్తుంది. పాత రిపోర్టు ఒకటి, ఎవరిదో తెలియకుండా పేర్లు తీసేసి, నమూనాకి అడగండి. సగం ముందు, సగం రిపోర్టు వచ్చాక అని మాట్లాడుకోండి. మొత్తం పొగడ్తే ఉన్న రిపోర్టు వస్తే మీ డబ్బు పోయినట్టే.

మొదటి డ్రాఫ్టు పూర్తికాకుండా మాత్రం డబ్బు పెట్టొద్దు. సగం కథ పంపితే మిగతా సగం వాళ్ళ ఊహలోంచి వస్తుంది. పూర్తిచేసి, ఒకసారి గట్టిగా పైకి చదువుకుని, మీకే విసుగొచ్చిన చోట్లు కొట్టేసి, అప్పుడు పంపండి. మీరే పట్టుకోగల తప్పులకి దీనార్లెందుకు?

మా సిస్టర్ రెండో డ్రాఫ్టు 108 పేజీలకి దిగింది. తిరునాళ్ళ సీను తీసేయడానికి మనసొప్పక నెలరోజులు గింజుకుంది, చివరికి తీసేసింది. సినిమా అవుతుందో లేదో తెలియదు. పిల్లల స్కూలు ఫీజులు కట్టేశాక మళ్ళీ చదివించాలనుకుంటోంది. ఈసారి వేరే మనిషితో, పాత రిపోర్టు చూడని మనిషితో. ఆడమనిషి అయితే బాగుండునంటోంది. ఆ రెండు గంటల ఫోను గురించి మొగవాళ్ళకి ఒకలా, పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళకి ఇంకోలా అనిపించవచ్చు, రెండూ తెలుసుకోవాలని ఉందట. తెలుగులో స్క్రిప్టులు చదివి పెట్టే ఆడవాళ్ళు మీకెవరైనా తెలిస్తే గ్రూపులో పెట్టకుండా అడ్మిన్‌కి విడిగా చెప్పండి.